కవిలెకట్ట నుండి కొత్త డిస్కు దాకా

అనంతపురంనుండి దక్షిణంగా బెంగుళూరు రహదారిని పట్టుకొని పోతే కొద్ది దూరంలోనే రాప్తాడు వస్తుంది. చుట్టూ ఎర్రనేలలు, గుట్టలు, వేరుశెనగ చేలు. ఈ సీమలో సాలుకు పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదికూడా అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. ఇటువంటి చోట రైతుకు భూమి ఎంత ముఖ్యమో, ఆ భూమినిగురించిన లెక్క అంత ముఖ్యం. పంట ఎండిన ఏడు బీమా సొమ్ము చేతికి రావాలన్నా, పెట్టుబడి రాయితీ అందాలన్నా, బ్యాంకులో అప్పు పుట్టాలన్నా, ఫలానా సర్వే నెంబరులో ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు ఫలానావారివి అని ఎక్కడో ఒకచోట వ్రాసి ఉండాలి. వ్రాసినది చెడిపోకుండానూ ఉండాలి.

ఆ వ్రాత ఒకప్పుడు తాటాకుమీద ఉండేది. తరువాత కాగితంమీదికి వచ్చినది. ఇప్పుడు గిర్రున తిరిగే అయస్కాంతపు పళ్లేలమీద, అనగా హార్డు డిస్కులమీద ఉన్నది. తాటాకును మన పెద్దలు పదును చేయకుండా, పరీక్షించకుండా వాడలేదు. డిస్కు విషయంలో మాత్రం, పెట్టెలోనుండి అప్పుడే తీసినది గనుక కొత్తది, కొత్తది గనుక మంచిది అనే భ్రమ చాలామందిలో ఉన్నది. ఆ భ్రమ ఎందువలన పుట్టినది, దానిని ఇంజనీర్లు ఎట్లా వదిలించుకొన్నారు అనేది కొంచెం వివరంగా చెప్పుకోదగిన చరిత్ర.

కరణంగారి ఇంటి అటకమీద ఉండే కవిలెకట్టను చూచినవారు ఇప్పుడు అరుదు. తాటిచెట్టు ఆకును కోసినవెంటనే దానిమీద వ్రాయటానికి వీలులేదు. లేత ఆకును ఎండబెట్టి, ఉడకబెట్టి, మళ్లీ నీడను ఆరబెట్టి, నున్నగా రుద్ది, అంచులు సమంగా కత్తిరించి, ఆ పిమ్మట గంటం పట్టేవారు. గంటం మొన దిగినచోట చిట్లే ఆకు వ్రాతకు పనికిరాదు. మెత్తగా వంగే శ్రీతాళపు ఆకుకు అందువల్లనే గౌరవం ఎక్కువ. కడితం అనే మరొక సాధనంకూడా ఈ ప్రాంతంలోను, పొరుగున ఉన్న కన్నడదేశంలోను వాడుకలో ఉండేది. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసి, మడతలు పెట్టి, దానిమీద బలపంతో లెక్కలు వ్రాసేవారు. అక్కరలేని లెక్కను తుడిచి, మళ్లీ అక్కడే కొత్త లెక్క వ్రాసుకోవచ్చును. తుడిచి మళ్లీ వ్రాయటం అనే గుణంలో కడితమే హార్డు డిస్కుకు దగ్గరి చుట్టం అని చెప్పవచ్చును.

1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీవారికి ఒప్పగించిన తరువాత థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. పొలం పొలం కొలిపించి లెక్క వ్రాయించటం ఆయన చేసిన పనులలో పెద్దది. మన కథకు కావలసిన విషయం ఒకటి అందులో ఉన్నది. కొలిచినవారి కొలతలను ఆయన అట్లాగే నమ్మలేదు. వాటిని మళ్లీ కొలిచి చూచే తనిఖీదార్లను పెట్టాడు. వ్రాసినదానిని తిరిగి చదివి సరిచూడటం అనే ఈ పద్ధతినే నేటి కంప్యూటరు కొత్త డిస్కుపై ప్రయోగిస్తుంది. దాదాపు అదే కాలంలో కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి దండకవిలెలను చూచి కైఫియత్తులు వ్రాయించారు. మూలమైన కవిలెలు చాలావరకు నశించినవి. వాటినుండి ఎత్తి వ్రాసుకొన్న ప్రతులు మిగిలినందువల్లనే ఈనాడు మన గ్రామచరిత్రలు కొంతైనా తెలుస్తున్నవి.

1984లో కరణాల పదవులు రద్దయినవి. రిజిస్ట్రేషను కార్యాలయాలలోనికి 1998లో ‘కార్డ్’ పథకంతో కంప్యూటర్లు వచ్చినవి. భూమి లెక్కలను ఎవరైనా చూచుకోవటానికి 2015లో ‘మీ భూమి’ ఏర్పడినది. అటకమీది కట్ట ఈ విధంగా మూడు పదుల ఏండ్లలో యంత్రంలోనికి పోయినది.

ఆ యంత్రం ఎట్లా పుట్టినదో చూద్దాము. 1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ ‘రామాక్’ అనే కంప్యూటరును ప్రకటించినది. పేరు వినగానే మనకు రాముడు గుర్తుకు వచ్చినా, అది కేవలం ఇంగ్లీషు మాటల పొడి అక్షరాల కూర్పు. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రెనాల్డ్ జాన్సన్ నాయకత్వాన తయారైన ఈ యంత్రంలో రెండడుగుల వ్యాసంగల పళ్లేలు 50, ఒకదానిపై ఒకటిగా ఒకే ఇరుసుకు గుచ్చి ఉండేవి. అవి నిమిషానికి 1,200 చుట్లు తిరిగేవి. మొత్తానికి పట్టే అక్షరాలు 50 లక్షలు. బీరువా కంటె పెద్దదైన ఆ యంత్రంలో పట్టే సమాచారం, ఈనాడు చేతి ఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రానికి చాలీచాలకుండా ఉంటుంది. పళ్లేలకు పూసే ఐరన్ ఆక్సైడు రంగును మేజోళ్ల గుడ్డతో వడగట్టి, కాగితపు కప్పుతో కొలిచి, తిరుగుతున్న పళ్లెం నడుమ పోసేవారని ఆనాటి ఇంజనీర్లు చెప్పుకొన్నారు. పోసిన రంగు పళ్లెపు వేగానికి అంచుదాకా సమంగా పరుచుకొనేది. రంగులో నలక ఉంటే ఆ చోట వ్రాత నిలువదు. అంటే, కొత్త డిస్కులో లోపం అనేది డిస్కుతోబాటే పుట్టినది.

ఆ యంత్రంలో వ్రాసే చదివే సాధనం, దానిని హెడ్డు అంటారు, పళ్లేనికి సుమారు 20 మైక్రాన్ల ఎత్తున గాలిపై తేలేది. ఇప్పటి డిస్కులలో ఆ ఎత్తు కొద్ది నానోమీటర్లకు దిగినది. మైక్రానులో వెయ్యోవంతు నానోమీటరు అని గుర్తుంచుకొంటే, ఇది ఎంత సన్ననిదో పాఠకులు ఊహించుకోవచ్చును. పొగలోని ఒక్కొక్క కణం ఈ ఎడముకంటె చాలా లావు. లారీలో ఎత్తెత్తి పడవేసిన పెట్టెలో వచ్చిన డిస్కు పైకి చక్కగా కనుపించవచ్చును. లోపల ఏమి జరిగినదో కంటికి తెలియదు.

కొత్త వస్తువే ముందు చెడిపోతుంది అనే విషయం డిస్కులకంటె పాతది. 1693లోనే ఎడ్మండ్ హేలీ, తోకచుక్కకు పేరిచ్చిన ఆ హేలీయే, బ్రెస్లౌ నగరపు జనన మరణ లెక్కలను తీసుకొని ఏ వయస్సువారిలో ఎంతమంది పోతున్నారో పట్టిక వేశాడు. పసిబిడ్డలలో చావులు ఎక్కువ, పెరిగినవారిలో తక్కువ, ముసలితనంలో మళ్లీ ఎక్కువ. రెండవ ప్రపంచయుద్ధంలో రేడియో, రాడార్ యంత్రాల వాల్వులు మాటిమాటికీ పాడైపోవటంవలన అమెరికా సైన్యానికి పెద్ద చిక్కు వచ్చినది. యుద్ధానంతరం, 1952లో, అక్కడి రక్షణశాఖ ఈ సంగతిని పరిశీలించటానికి ఒక సలహాసంఘాన్ని నియమించినది. ఆ సంఘం 1957లో నివేదిక ఇచ్చినది. యంత్రభాగాలకుకూడా శైశవం, యౌవనం, వార్ధక్యం ఉన్నవనే భావం ఆ కాలంలో ఇంజనీర్లలో స్థిరపడినది. చావుల రేటును కాలక్రమాన గీస్తే రెండువైపుల ఎత్తుగా, నడుమ పల్లంగా స్నానపుతొట్టి ఆకారం వస్తుంది గనుక దానికి స్నానపుతొట్టి వక్రరేఖ అని పేరు పెట్టారు. దీనినుండి పుట్టినదే ‘బర్న్ ఇన్’ అనే ఆచారం. వస్తువును పనిలో పెట్టకముందే కొన్ని గంటలో రోజులో బాగా శ్రమపెట్టి నడిపితే, పసితనంలో పోవలసినవి అక్కడే పోతవి.

ఈ భావం రాప్తాడు రైతుకు కొత్త కాదు. విత్తే ముందు వేరుశెనగ గింజలు నూరు లెక్కపెట్టి తడిగోనెలో చుట్టి పెడతాడు. మొలకెత్తినవి ఎన్నో చూస్తాడు. ధ్రువీకరించిన విత్తనానికి కనీసం నూటికి డెబ్భై మొలవాలని నియమం ఉన్నది. అయితే ఒక భేదం ఉన్నది. నూరు గింజలను చూచి మూటకంతకూ తీర్పు చెప్పవచ్చును; నాలుగు డిస్కులు కొన్నవాడు ఒకదానిని పరీక్షించి తక్కిన మూడింటిని నమ్మటానికి వీలులేదు. ప్రతి డిస్కునూ, దానిలోని ప్రతి భాగాన్నీ పరీక్షించవలసినదే.

ఇక ఒక డిస్కు ఎంతకాలం బ్రతుకుతుంది? తయారీదార్ల పత్రాలలో ‘సగటున పది లక్షల గంటలు’ అని ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు గనుక ఇది 114 సంవత్సరాలు అవుతుంది. డిస్కు అనే వస్తువు పుట్టి ఇంకా అన్ని ఏండ్లు కాలేదు! దీని అసలు అర్థం వేరు: నూరు డిస్కులు నడుపుతుంటే ఏడాదికి ఒకటికంటె తక్కువ చెడుతుందని. 2007 ఫిబ్రవరిలో, రామాక్ పుట్టిన ఆ శాన్‌హోసేలోనే జరిగిన ఒక సమావేశంలో ఈ లెక్కకు పరీక్ష ఎదురైనది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల చరిత్రను సేకరించి చూపించారు. పత్రాల ప్రకారం ఏడాదికి నూటికి 0.88కి మించకూడని మార్పిడి, వాస్తవంలో సాధారణంగా 2 నుండి 4 వరకు, కొన్నిచోట్ల 13 వరకు ఉన్నది. అంతేకాదు, స్నానపుతొట్టి ఆకారమే వారికి సరిగా కనబడలేదు. ఏండ్లు గడిచినకొద్దీ చావులు పెరుగుతూ పోయినవి.

అదే సమావేశంలో గూగుల్ సంస్థకు చెందిన పిన్హేరో, వెబర్, బరోసో తమ లక్షకు పైబడిన డిస్కుల సంగతి చెప్పారు. వారి లెక్కలో మొదటి నెలలలో బాగా పని చెప్పిన డిస్కులలో చావులు హెచ్చుగా కనుపించినవి. డిస్కును మొత్తం తడివిచూచే పరీక్షలో మొదటి తప్పు బయటపడిన తరువాత, తప్పులేని డిస్కుకంటె అది 60 రోజులలోపల పోయే అవకాశం 39 రెట్లు అని తేల్చారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్కవేసుకొనే ‘స్మార్ట్’ అనే ఏర్పాటు 1990లలో వచ్చినది. గూగుల్‌వారి చచ్చిన డిస్కులలో సగానికి పైగా, నూటికి 56కు మించి, ఆ ఏర్పాటులోని నాలుగు ముఖ్య సూచనలలో ఒక్కటికూడా చూపకుండానే పోయినవి. కనుక సూచన కనబడితే భయపడాలి. కనబడకపోతే ధైర్యపడటానికి లేదు.

బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వల సంస్థ 2013లో తన 25,000 డిస్కుల లెక్క ప్రకటించినది. మొదటి ఏడాదిన్నరలో నూటికి 5.1, తరువాతి ఏడాదిన్నరలో 1.4, మూడేండ్లు దాటినపిమ్మట 11.8 చొప్పున ఏటేటా చెడినవి. ఇది తొట్టి ఆకారమే. అదే సంస్థ 2021లో మళ్లీ లెక్క వేస్తే తొట్టికి ముందువైపు గోడ దాదాపు కనబడలేదు. పండితులలో ఇట్లా అభిప్రాయభేదం ఉన్నదిగనుక పరీక్ష అనవసరమని కొందరు వాదిస్తారు. నాకు ఆ వాదం రుచించదు. పదివేల డిస్కులున్నవానికి సగటు చాలును. నాలుగే ఉన్నవానికి సగటుతో పని లేదు, తన నాలుగింటిలో ఏది చెడ్డదో తెలియాలి.

అయితే కొత్త డిస్కు పని చేయనప్పుడల్లా తప్పు డిస్కుది కాదు. బోరుబావిలోని మోటారు నీరు పోయకపోతే రైతు ముందు ఫ్యూజు చూస్తాడు, తరువాత స్టార్టరు చూస్తాడు, తీగలు చూస్తాడు. మొదటనే మోటారును పైకి లాగించడు. స్టోరేజి సర్వరుకూ అదే వరుస. చెడినదని తిప్పిపంపిన డిస్కులలో గణనీయమైన భాగం, తయారీదార్లు పరీక్షిస్తే ఏ లోపమూ లేనివిగా తేలుతున్నవి. మరి లోపం ఎక్కడ ఉన్నది? ఇందుకు సమాధానం డిస్కుల చరిత్రలోనే దొరుకుతుంది. ప్రతి తరంలోను డిస్కు పెరిగినది. దానిని లెక్కపెట్టే యంత్రం మాత్రం పాత కొలతబద్దతోనే మిగిలిపోయినది.

తొలినాటి చిన్న కంప్యూటర్లు డిస్కులోని చోటును మూడు అంకెలతో గుర్తించేవి. ఎన్నవ వలయం, ఎన్నవ హెడ్డు, ఎన్నవ సెక్టారు అని. రెండు వేర్వేరు పద్ధతుల హద్దులు ఒకచోట కలియటంవలన 1,024 వలయాలు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అనే ఎల్ల ఏర్పడినది. సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణిస్తే 52 కోట్ల 84 లక్షల బైట్లు. 1990లలో అంతకుమించిన కొత్త డిస్కు తెచ్చినవానికి మిగిలిన భాగం మాయమైనట్లే. తరువాత సెక్టార్లకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతి వచ్చినది. ఆ సంఖ్యకు 28 ద్వియాంకాలే కేటాయించారు గనుక 13,743 కోట్ల బైట్ల దగ్గర మళ్లీ గోడ అడ్డము వచ్చినది. దానిని 48 ద్వియాంకాలకు పెంచి ఆ గోడను దాటారు. ఇంతలో మరొకటి. డిస్కును భాగాలుగా పంచే పాత పట్టికలో 32 ద్వియాంకాలకే చోటు ఉన్నది. అందువలన 2.2 టెరాబైట్లు దాటిన భాగం ఆ పట్టికకు ఎక్కదు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు బజారులోనికి వచ్చినప్పుడు, కొన్ని యంత్రాలు వాటిని 746 గిగాబైట్లుగా చూపించినవి. కొన్నవారు మోసపోయామనుకొన్నారు. మూడునుండి 2.2 తీసివేసి చూస్తే మిగిలేది అంతే. గడియారంలో పన్నెండు దాటగానే మళ్లీ ఒకటి వచ్చినట్లు, లెక్క చుట్టుతిరిగి మొదటికి వచ్చినది. డిస్కు మంచిదే, పాత కంట్రోలరును మార్చి, జి.పి.టి. అనే కొత్త పట్టికను వ్రాస్తే మూడూ కనబడినవి.

నాలుగు టెరాబైట్ల డిస్కు 3.63గా కనబడటం మాత్రం లోపమే కాదు. అమ్మేవాడు వెయ్యి చొప్పున లెక్కించాడు. యంత్రం 1,024 చొప్పున లెక్కించినది. మన ఊళ్లలో పెద్దమానిక, చిన్నమానిక ఉండేవి కదా.

విద్యుత్తు విషయంలో ఇంకా చిత్రమైన సంగతి జరిగినది. సాటా డిస్కుకు కరెంటు ఇచ్చే కొస 15 పిన్నులు కలది. అందులో మొదటి మూడు పిన్నులు 3.3 వోల్టులకు కేటాయించారుగాని డిస్కులు వాటిని సాధారణంగా వాడలేదు. 2016లో ప్రకటించిన కొత్త ప్రమాణంలో మూడవ పిన్నుకు వేరే పని అప్పగించారు. దానిమీద 3.3 వోల్టులు ఉంటే డిస్కు ఆగిపోవాలి. పెద్ద కేంద్రాలలో మనిషి పోకుండానే డిస్కును ఆపి మళ్లీ నడపటానికి ఇది సౌకర్యం. పాత పవర్ సప్లైలు మాత్రం ఆ పిన్నుకు ఎల్లప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటవి. కనుక కొత్త డిస్కును పాత పెట్టెలో బిగిస్తే అది కదలదు, మెదలదు. చచ్చినదని తిప్పిపంపినవారు ఎందరో. ఆ ఒక్క పిన్నుపై వేడికి కరగని పలుచని టేపు అతికించినా, 3.3 వోల్టుల తీగ లేని కొసను వాడినా డిస్కు వెంటనే తిరుగుతుంది.

ఆరంభంలో పళ్లేలను కదిలించటానికి ఒక్కొక్క పెద్ద డిస్కు 12 వోల్టుల తీగనుండి సుమారు రెండు ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది డిస్కులు ఒకేసారి లేస్తే 16 ఆంపియర్లు, అనగా 190 వాట్లకు పైమాట. తిరగటం మొదలైన తరువాత దానిలో చిన్నభాగమే చాలును. కనుక రెండు డిస్కులతో చక్కగా నడిచిన సర్వరు, ఎనిమిదింటితో కొన్నింటిని పోగొట్టుకొంటే, ముందు పవర్ సప్లై శక్తిని లెక్కకట్టాలి. డిస్కులను ఒకదానివెనుక ఒకటి లేపే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో ఉన్నది. వేసవిలో వోల్టేజి పడుతూ లేస్తూ ఉండే పల్లెలలో యు.పి.ఎస్. లేకుండా సర్వరు పెట్టటం, గట్టు వేయకుండా చెరువు నింపటంవంటిది.

మరొక చిక్కు, మంచి డిస్కును సర్వరే వెలివేయటం. ఇండ్లలో వాడే డిస్కు ఒక సెక్టారు సరిగా చదవలేకపోతే పట్టుదలతో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక నిమిషమైనా పట్టవచ్చును. సర్వరు కంట్రోలరు అంతసేపు ఆగదు. కొద్ది సెకన్లలో జవాబు రాకపోతే ‘ఇది పోయినది’ అని జాబితానుండి తీసివేస్తుంది. సర్వర్లకొరకు చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం మాని, చేతకాలేదని ఒప్పుకొంటవి. మిగిలినపని తోడి డిస్కులు చూచుకొంటవి. ఇక 2020 ఏప్రిల్‌లో బయటపడిన సంగతి వేరు తీరుది. వెస్టర్న్ డిజిటల్, సీగేట్, తోషిబా సంస్థలు కొన్ని రకాల డిస్కులలో ఇంటిపెంకులవలె ఒకదానిపై ఒకటి కొంత కప్పుకొని ఉండే వ్రాతపద్ధతిని, కొనేవారికి తెలియజెప్పకుండా వాడినట్లు తేలినది. వెస్టర్న్ డిజిటల్‌వారివి నిల్వ సర్వర్లకని అమ్మిన డిస్కులే. నడుమ ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినికూడా ఎత్తవలసినట్లు, ఈ డిస్కులలో ఒకచోట దిద్దితే పక్క వరుసలుకూడా తిరగవ్రాయాలి. చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి సమాచారాన్ని నింపేటప్పుడు ఇవి మితిమీరి ఆలస్యం చేసి వెలికి గురి అయినవి. అప్పటినుండి డిస్కు ఏ వ్రాతపద్ధతిదో ఆ సంస్థలు ప్రకటించసాగినవి.

ఇన్నింటిలో ఏది కారణమో తేల్చటానికి ఒక సులభోపాయం ఉన్నది. అనుమానపు డిస్కును, మంచి డిస్కును స్థలాలు మార్చి బిగించాలి. తప్పు డిస్కువెంట పోతే డిస్కుదే దోషం. ఆ అరలోనే నిలిచిపోతే కేబులుదో, కంట్రోలరుదో, పవర్ కొసదో దోషం. స్మార్ట్ పట్టికకూడా ఇందుకు సాయపడుతుంది. ‘తిరిగి కేటాయించిన సెక్టార్లు’, ‘తీర్పు కావలసిన సెక్టార్లు’ అనే అంకెలు పెరిగితే పళ్లెంలో రోగం. ‘సి.ఆర్.సి. తప్పులు’ మాత్రమే పెరిగితే చాలావరకు కేబులే కారణం. పది రూపాయల కొస కదిలినందుకు పదివేల డిస్కును నిందించరాదు. ఆ అంకె ఒకసారి పెరిగితే తిరిగి సున్న కాదు గనుక, కేబులు మార్చిన రోజున దానిని వ్రాసిపెట్టుకొని, తరువాత పెరుగుతున్నదా అని చూడాలి.

ఇక అసలు పరీక్ష. ఖాళీగా ఉన్నప్పుడే, ఒక్క కాగితమైనా దానిలో దాచకముందే ఇది జరగాలి, ఎందుకంటే ఈ పరీక్ష ఉన్నదానినంతా తుడిచివేస్తుంది. లైనక్సులో ‘బ్యాడ్‌బ్లాక్స్’ అనే ఉపకరణం డిస్కు మొదటినుండి చివరిదాకా ఒకటి సున్న ఒకటి సున్న అనే వరుసను వ్రాసి, మళ్లీ అంతా చదివి సరిచూస్తుంది. తరువాత దానిని తిరగవేసి వ్రాస్తుంది. తరువాత అన్నీ ఒకట్లు. చివరకు అన్నీ సున్నలు. నాలుగు వ్రాతలు, నాలుగు చదువులు. ఎనిమిది టెరాబైట్ల డిస్కులో సెకనుకు సగటున 160 మెగాబైట్లు నడిచినా ఒక్కసారి దాటటానికి 14 గంటలు పడుతుంది. ఎనిమిది సారులకు నాలుగున్నర రోజులకు పైగా. ముందూ వెనుకా స్మార్ట్ దీర్ఘపరీక్ష చేసి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడాలి. తీర్పు కావలసిన సెక్టారు ఒక్కటి కనుపించినా కొత్త డిస్కును వారంటీ క్రింద తిప్పిపంపటమే మేలు. గూగుల్‌వారి 39 రెట్ల లెక్క ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. వారంరోజులు సర్వరును ఉత్తగా తిప్పుతున్నారేమని పైవారు అడిగితే ఈ లెక్కనే చూపించవచ్చును.

పరీక్షలో నెగ్గిన డిస్కుకూడా ఒకనాడు పోకతప్పదు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు, ఒక పెద్ద ఖరీదైన డిస్కుకు బదులు అనేక చౌక డిస్కులను జట్టుకట్టి, ఒకటి పోయినా మిగిలినవి దాని భాగాన్ని లెక్కకట్టి చెప్పే ‘రెయిడ్’ పద్ధతిని వివరించారు. ఇందాక చెప్పుకొన్న గిబ్సన్ ఈయనే. అయితే జట్టులోని డిస్కులన్నీ ఒకే కంపెనీలో ఒకే వారంలో తయారై, ఒకే లారీలో వచ్చినవైతే, వాటి లోపాలుకూడా ఒకటే కావచ్చును. వేర్వేరు దుకాణాలనుండి కొనటం ఇందుకే. జట్టు అనేది ప్రతికి బదులు కాదని మరొక మాట. పొరపాటున తుడిచివేసిన పట్టికను రెయిడ్ అన్ని డిస్కులలోను శ్రద్ధగా తుడిచివేస్తుంది.

ప్రతులమాట వచ్చినది గనుక మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాలి. చిత్తూరు సీమలోని కాటూరులో 1937లో పుట్టి, కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటరులో నిక్షేపించాలనే ఉద్యమాన్ని నడిపించారు. మనదేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపొందినది; హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. దాని ప్రధాన కేంద్రాలలో ఒకటి. అచ్చులో లేని తెలుగు పుస్తకాలు వేలకొలదిగా ఛాయలెత్తి సర్వర్లలో చేర్చారు. 2007 నాటికి ప్రపంచం మొత్తంమీద ఈ ఉద్యమపు పుస్తకాల సంఖ్య 15 లక్షలు దాటినది. ఆ గ్రంథాలయపు వెబ్ స్థలం తరువాతి కాలంలో మూతపడినది. అప్పటికే కార్ల్ మాలమడ్ అనే అమెరికా పౌరుడు దానినుండి నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చి ఉన్నాడు. ఈనాడు రాప్తాడులోని విద్యార్థి 1920ల నాటి తెలుగు పత్రికను తెరచి చదవగలుగుతున్నాడంటే అది ఆ రెండవ ప్రతి చలవ. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ఒక్కొక్క కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతి వ్రాయించటం ఇటువంటి పనే. తాళ్లపాకవారు అన్నమాచార్యుల పదాలను రాగిరేకులమీద చెక్కించి తిరుమలలో భద్రపరచిన రేకులు రెండువేలకు మించి దొరికినవి. 1922 తరువాతగాని అవి పండితుల విస్తృత పరిశీలనకు రాలేదు. రాగికి నాలుగువందల ఏండ్లు ఒక లెక్కకాదు. హార్డు డిస్కుకు అయిదేండ్లు దాటితే వార్ధక్యమే.

కనుక సర్వరు పెట్టేవారు ప్రతి డిస్కు మొగంమీద చిన్న చీటీ అతికించి, కొన్న తేదీ, వరుస సంఖ్య, పరీక్ష ముగిసిన తేదీ, ఆనాటి స్మార్ట్ అంకెలు వ్రాసిపెట్టుకొంటారు. అదే సమాచారాన్ని ఒక కాగితపు పుస్తకంలోకూడా ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని ఆ సర్వరులోనే దాచినవారుకూడా ఉన్నారు. డిస్కు పోయిననాడు దాని వారంటీ తేదీకూడా దానితోనే పోయినది.